అత్త చేసిన గండభేరుండం

మొన్న పేరేసంద్రలో టీ కోసం కారు ఆపితే, హోటల్ ముందర నిలబెట్టిన సిమెంటు రాక్షసబల్లి నోట్లో తల పెట్టి మా మనవరాలు ఫోటో దిగింది. ఆ బల్లి మొహంలో కోపమూ లేదు, ఆకలీ లేదు; పళ్లు మాత్రం రోజూ రెండుపూటలా తోముకుంటున్నట్టు తెల్లగా ఉన్నాయి. నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

మాది మైసూరు రాష్ట్రంగా ఉన్న కాలం. మిట్టేమరిలో సేద్యం ఇల్లు. పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టిల్లు చేరిన అత్త, నానబెట్టిన కాగితాల గుజ్జులో చింతగింజల జిగురు కలిపి రాక్షసుల తలలు చేసేది. చింతామణి ఊరి నాటకాలవాళ్లు వచ్చి తీసుకుపోయేవారు. మన ఇంటి ఆడబిడ్డకు ఈ పనేమిటని తాత కోప్పడితే ఆమె తల కూడా ఎత్తలేదు.

"దేవుళ్లను చేసేవాళ్లు శానామంది ఉండారు నాయనా. రాక్షసులకే ఎవురూ లేరు."

ఆ నాటకాలవాళ్ల ద్వారానే మద్రాసు నుంచి ఒక జానపద సినిమాకు పిలుపు వచ్చింది. తాత వద్దన్నాడు. అత్త పెట్టె సర్దుకుని బస్సెక్కింది. అక్కడ వెదురుబద్దలతో, కోడి ఈకలతో రెండు తలల గండభేరుండాన్ని చేసింది. లోపల ఇద్దరు మనుషులు దూరి రెక్కలాడించేవారట. తీరా పనయ్యాక, టైటిల్స్‌లో ఆడమనిషి పేరు బాగుండదు, ఆర్ట్ డైరెక్టరు పేరొక్కటే వేస్తామన్నారు. అయితే ఇంకో సినిమా చెయ్యనని చెప్పి వచ్చేసింది.

ఆ సినిమా బాగేపల్లి టెంటుకు వచ్చినప్పుడు అందరం బండి కట్టుకుని పోయాం. తెరమీద పక్షి రెక్కలు విప్పగానే ఈలలు. ఆడవాళ్ల వైపు, నా పక్కనే కూర్చున్న అత్త లేచి నిలబడింది.

"దాన్ని చేసింది నేను. వాళ్లు పేరెయ్యలేదు. మీరన్నా తెలుసుకోండప్పా."

ఎవరో కూర్చోమని అరిచారు. నేను సిగ్గుతో ఆమె కొంగు పట్టుకుని లాగాను. ఆమె కదల్లేదు. మగవాళ్ల వైపు నుంచి తాత గొంతు వినిపించింది.

"అది నా కూతురు. చెప్పనీండి."

టెంటు సద్దుమణిగింది. పక్షి ఎగిరిపోయేదాకా అత్త నిలబడే చూసింది.

తర్వాత కంపెనీవాళ్లు మళ్లీ కబురు పంపారు. పేరు వేస్తేనే వస్తానంది. వేశారు, చిన్న అక్షరాల్లో, ఒత్తు తప్పుతో. జుట్టు నెరిసేదాకా అక్కడే పాములకు పడగలూ భూతాలకు కోరలూ చేసింది. ఒత్తు మాత్రం రెండో సినిమాకే దిద్దించుకుంది.

కాలానికి ఎవరైనా తల వంచాల్సిందే అంటారు. మా అత్తను చూడనివాళ్లు అనే మాట అది.