బస్సులో చెప్పిన లాయరు రహస్యం

పెద్ద కంపెనీని కేసులో ఓడించాలంటే అవతలి లాయరు గొప్పవాడై ఉండక్కర్లేదు. ఇవతల నాలాంటివాడొకడుంటే చాలు. ఎలాగో చెబుతాను, మీరు నవ్వండి. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

అప్పుడు నేను నూజివీడు దగ్గర మామిడి గుజ్జు తీసే పెద్ద కంపెనీలో కొత్తగా చేరిన లా ఆఫీసర్ని. మెడలో ఐడీ కార్డుతో ఉత్సవ విగ్రహంలా తిరిగేవాణ్ణి. మా ఫ్యాక్టరీ మురుగునీళ్ళు చేరి తన చెట్లు ఎండిపోయాయని పక్క తోట మార్తమ్మగారు, రిటైరైన టీచరు, కోర్టుకెళ్ళారు. చెట్లకు తెగులు తగిలిందని మేం జవాబిచ్చాం. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు.

విజయవాడలో మా కంపెనీ తరఫు సీనియర్ లాయరుగారు గది తలుపు వేయించి, తప్పు మనదేనని, మురుగు కాలువ గోడ పగిలి ఉందని, రాజీ పడటం మంచిదని చెప్పారు. ఈ మాట మేనేజరుకి తప్ప మరొకరికి తెలియకూడదన్నారు. బుద్ధిగా తల ఊపాను.

తిరుగు బస్సు హనుమాన్ జంక్షన్ దాటాక మేనేజరు ఫోన్ చేశారు. కిటికీలు రేకు డబ్బాలో గులకరాళ్ళలా మోగుతున్నాయి. గుసగుసగా చెబితే ఆయనకు వినపడలేదు. డొంకతిరుగుడుగా చెబితే అర్థం కాలేదు. గట్టిగా చెప్పమన్నారు. చెప్పాను.

“తెగులూ లేదు, గిగులూ లేదండీ. మన కాలువ గోడే పగిలింది. కోర్టులో ఓడిపోతామని మన లాయరుగారే అన్నారు.”

సరిగ్గా అప్పుడే డ్రైవరు స్టాపులో ఇంజను ఆపాడు. గోడలకే చెవులుంటాయంటారు, ఆ బస్సులో సీటుకి నాలుగు చొప్పున ఉన్నాయి.

ముందు సీట్లోని పెద్దావిడ వెనక్కి తిరిగారు.

“గోడ ఏ వైపు పగిలింది బాబూ?”

“మీకెందుకండీ?”

“ఆ తోట మాదే.”

కొద్ది రోజులకే వాళ్ళ లాయరు ఆ కాలువ గోడని పరీక్షించాలని కోర్టుని కోరారు. కంపెనీ నష్టపరిహారం ఇచ్చుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు పెద్దదైనందుకు ఆమె తోటకి మంచి జరిగింది.

సీనియర్ లాయరుగారు నన్ను తిట్టలేదు.

“లాయరుకీ క్లయింటుకీ మధ్య జరిగిన మాట కోర్టు కూడా బలవంతంగా చెప్పించజాలదయ్యా. ఎవరూ అడక్కుండానే నువ్వు బస్సుకంతా చెప్పావు,” అన్నారు.

ఉద్యోగం పోయింది. అంతకన్నా బాధేమిటంటే, నన్ను నమ్మి తలుపు వేయించిన మనిషి ముఖంలోకి మళ్ళీ చూడలేకపోయాను. పోనీలే, న్యాయమే జరిగిందిగా అని స్నేహితులు ఓదార్చారు. జరిగింది నిజమే. నేను చేద్దామనుకుని చేసింది కాదే!

తర్వాత నూజివీడులోనే ప్రాక్టీసు పెట్టాను. ఈగలు తప్ప ఎవరూ రాలేదు. మార్తమ్మగారికి మరిదితో గట్టు తగాదా ఉందని విని, ఆ కేసైనా నాకిస్తారని ఆశగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి, ఆదరంగానే మాట్లాడారు.

“మీ వల్ల మాకు మేలే జరిగింది బాబూ. అలాంటి మేలు మా మరిదికి కూడా చేస్తారేమోనని భయం.”

ఆ గడప దిగుతూ ఘోరమైన ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట బస్సెక్కితే దిగే ఊరి పేరు చెప్పడానికి తప్ప నోరు విప్పను. అదైనా కండక్టరు చెవిలోనే చెబుతాను.