లార్డ్ అని వినబడిన పాట

మైపాడులో మా ఇంటి పక్క చర్చిలో గిటారు వాయించే మనిషి, ఎవరు కనిపించినా తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి వాళ్ల చెవిలో పెట్టేవాడు. అమెరికాలోనే పేరు రాని కంట్రీ గాయకులను, అంటే అక్కడి పల్లెపాటలు పాడేవాళ్లను, ఫోనులో వెతికి పట్టుకోవడం, అందరికీ వినిపించడం అతని పిచ్చి. "ఎట్టుందన్నా?" అంటూ పాట అయ్యేదాకా మన ముఖమే చూసేవాడు.

ఒకసారి పాస్టరుగారికి ఒకామె పాట వినిపించాడు. 'లార్డ్' అన్న మాట చెవిన పడగానే ఆయన మురిసిపోయి, ఆదివారం తెలుగులో పాడమన్నారు. గిటారతను కంగారుగా నా దగ్గరికొచ్చాడు. నేను నాస్తికుణ్ణి గనుక చాడీ చెప్పనని అతని నమ్మకం.

"అన్నా, ఇది స్తుతి గాదు. గనిలో మొగుడు పోయినామె దేవుణ్ణి నిలదీస్తా ఉంది. చెప్తే గిటారు లాక్కుంటారు. మాటలు మార్చి పాడేదా?"

"భయపడి మార్చిన పాట అబద్ధం," అన్నాను. చెప్పడం నాకు తేలిక. చర్చిని పోగొట్టుకునేది అతను.

ఆదివారం కిటికీ బయట నిలబడి విన్నాను. అతను పాట అర్థం దాచకుండా చెప్పి, "పాడమంటారా అయ్యగారూ?" అన్నాడు. పాస్టరుగారు ముఖం గంటు పెట్టుకున్నారు.

వేటకు పోయిన మొగుడు సముద్రం నుంచి తిరిగిరాని ముసలామె ఒకతె, చాప మీద నుంచే అంది: "పాడు నాయనా. నేను దినామూ అడిగేది అదే గదా."