మోరిత గారి ఆవం తలుపు

హౌగాంగ్‌లో మేముండే అపార్ట్‌మెంట్ బ్లాకు కింద పైపుల కోసం నేల తవ్వుతున్నారు. పొద్దున్న వాన పడి ఆ గోతిలోంచి పచ్చి బంకమట్టి వాసన వచ్చేసరికి, రైలుకు ఆలస్యమవుతున్నా కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన నాకు ఇష్టమయ్యేలా చేసింది మోరిత గారు.

ఆయన జపాన్ కుమ్మరి. డెబ్బై దాటిన వయసులో వుడ్‌ల్యాండ్స్‌లో ఒక వర్క్‌షాపు పెట్టుకుని, ఆదివారాలు మాలాంటి ఉద్యోగస్తులకు పని నేర్పేవారు. ఇరవై ఏళ్లప్పుడే గురువుగారిని వదిలి కొరియా, థాయ్‌లాండ్, మన దేశం అన్నీ తిరిగారు. ఏ ఊరు వెళ్లినా అక్కడి కుమ్మరి ఇంట్లో కొత్తగా నేర్చుకునేవాడిలా కూర్చునేవారట. నేను తెలుగుదాన్నని తెలియగానే "మెల్లగా, మెల్లగా" అన్నారు. గోదావరి పక్క ఊళ్లో ఒక ముసలమ్మ కుండను చెక్కతో తడుతూ, ఆయన తొందర చూసి అన్న మాటట అది. ఇంత తిరగాలని ఎందుకనిపించిందని అడిగితే మాత్రం, లోకం చూడాలనిపించిందని నవ్వేసేవారు.

నేను నేర్చుకోవడానికి చేరిన ఏడాదే ఆయన చేతులు వణకడం మొదలైంది. అప్పుడే, యాభై ఏళ్ల తర్వాత, సొంత ఊళ్లో ప్రదర్శనకు పిలుపొచ్చింది. దానికోసం పదహారు టీ గిన్నెలు చేసి, ఇవే తన చివరివని చెప్పారు. శనివారం వాటిని ఆవంలో పేర్చి కాల్చాం. అది చల్లారేదాకా, అంటే ఆదివారం సాయంత్రం వరకూ తలుపు తీయకూడదు, చల్లగాలి తగిలితే గిన్నెలు పగులుతాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన భోజనానికి హాకర్ సెంటర్‌కి వెళ్లినప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. పూత ఏ రంగు తేలిందో చూడాలన్న ఆత్రం ఆపుకోలేక తలుపు జానెడు తెరిచాను. ఒక్క క్షణం ఎంత బాగున్నాయో! అంతలోనే లోపల టింగుమంటూ చప్పుళ్లు. తలుపు మూసేసినా ఆగలేదు.

గడియ సరిగా పడలేదని చెబుదామనుకున్నాను. చూసినవాళ్లెవరూ లేరు. కానీ ఆయన లోపలికి రాగానే, "సెన్సే, నేనే తీశాను" అన్నాను. గురువును జపాన్‌వాళ్లు అలాగే పిలుస్తారు.

ఆయన స్టూలు లాక్కుని ఆవం ముందు కూర్చున్నారు. "ఏ రంగు కనిపించింది?" అని అడిగారు.

వాన వచ్చేముందు సముద్రం ఉండే రంగని ఏడుస్తూనే చెప్పాను. ఆయన తలూపారు.

"నేనూ మా గురువుగారి ఆవం ఇలాగే తెరిచాను. తీయలేదని అబద్ధం చెప్పాను. గురువుగారు నా తోటి శిష్యుణ్ణి అనుమానించి పంపేశారు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఉండలేకపోయాను."

అన్ని దేశాలు ఎందుకు తిరిగారో నాకు అప్పుడు తెలిసింది. సాయంత్రం తలుపు తీస్తే తొమ్మిది గిన్నెలు పగిలి ఉన్నాయి. మిగిలిన ఏడూ తీసుకుని ఆయన జపాన్ వెళ్లారు. నెల తర్వాత ఉత్తరం రాశారు. ఆ తోటి శిష్యుడు బతికే ఉన్నాడట. అతని ఇంటికి వెళ్లి నిజం చెప్పారట. అతను క్షమించానని అనలేదట, కానీ గిన్నెలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడట.

రాఫెల్స్ ప్లేస్‌లో మా ఆఫీసులో నా వల్ల ఏదైనా చెడిపోతే, ఎవరైనా కనిపెట్టేలోపు నేనే వెళ్లి చెబుతాను. అందుకు పై అధికారి గది దాకా నడవాలి. ఇన్నేళ్లయినా అది మాత్రం అలవాటు కాలేదు.