రోజ్, డైసీ, మధ్యలో నేను

మా వీధిలో ఎదురెదురుగా రెండు టైలరు కొట్లున్నాయి. ఒకటి అక్కది, రెండోది చెల్లెలిది. మూల మీద దారాలూ గుండీలూ అమ్మే కొట్టు నాది. ఇద్దరికీ సరుకిచ్చేదీ నేనే, ఇద్దరి మధ్యా కబుర్లు మోసేదీ నేనే. అరవై దాటిన మనిషిని, నాకెందుకండీ ఈ రాయబారాలు?

ముందు అక్క సంగతి చెప్పాలి. మనిషి బంగారం, నోరు మాత్రం కత్తెర. తల్లి పోయాక చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మిషను తొక్కింది. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కోటు కుట్టడం దాకా అన్నీ తనే నేర్పింది. నాలుగేళ్ళ కిందట చెల్లెలు ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు, ఎడమ చెయ్యి కుడివైపు వేసి కుట్టేసింది. తొడుక్కున్న పెద్దమనిషి చేతులు దించలేక అవస్థపడుతుంటే, ఆయన ముందే అక్క విరుచుకుపడింది.

"నీకు కుట్టు నేర్పిన మహాతల్లి ఎవరే?"

ఎవరో వీధంతా తెలుసు. చెల్లెలు నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకుంటేనా! "ఇక నీతో ఒక్క మాట మాట్లాడానంటే నా పేరు మార్చుకుంటా!" అని కత్తెర బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా ఎదురుగానే తన పేరుతో బోర్డు కట్టింది.

అప్పట్నుంచీ నా బతుకు ఇదీ.

"బాబాయ్, ఎదురు కొట్టావిడకి చెప్పు, నూనె లేక ఆవిడ మిషను గీపెడుతోంది, నా చెవులు పోతున్నాయని."

"బాబాయ్, నా మిషను నా ఇష్టమని చెప్పు," అని చెల్లెలు.

వీధి ఎంత వెడల్పని! ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడుతుంది. అయినా నేను వెళ్ళి చెప్పాల్సిందే.

ఇలా ఉండగా వీధి చివరి చర్చికి పరాయి దేశం నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన నిచ్చెనంత పొడుగు, ఆవిడ ఆయన మోచేతి దాకా వస్తుంది. సువార్త పని మీద వచ్చారు. దాంతోపాటు సాయంత్రాలు చర్చి వెనక గదిలో ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతామన్నారు. దేవుడి గురించి అడిగినవాళ్ళకి చెప్పేవారు, అడగనివాళ్ళకి టీ ఇచ్చేవారు. నేను టీ వైపు. బేరానికొచ్చినవాళ్ళంతా ఫోన్లో ఇంగ్లీషు పేర్లున్న బొమ్మలు చూపించి కుట్టమంటున్నారని అక్క చేరింది. అక్క చేరిందని చెల్లెలు చేరింది. ఈ తమాషా ఒదులుకోవడం ఇష్టం లేక నేనూ చేరాను.

మా పేర్లు టీచరమ్మకి నోరు తిరిగేవి కావు. పాపం, కొన్నాళ్ళు కుస్తీపట్టి, ఆఖరికి అందరికీ తేలిక పేర్లు పెట్టేసింది. అక్క రోజ్, చెల్లెలు డైసీ. నేను జాక్. నా మొహానికి జాక్ ఏమిటండీ! తరవాత ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకోమంది. రోజ్ పక్కన ఎవర్ని కూర్చోబెట్టిందనుకున్నారు? డైసీని! వాళ్ళు అక్కాచెల్లెళ్ళని ఆవిడకి తెలీదు. మేమెవరమూ చెప్పలేదు.

చెల్లెలు గోడకేసి చూసింది, పైకప్పుకేసి చూసింది. ఏమనుకుందో ఏమో, "గుడ్ ఈవినింగ్, రోజ్," అంది. నిజమే మరి, ఇక్కడ పేరు మారిపోయింది కదా, మాట తప్పినట్టు కాదు!

"గుడ్ ఈవినింగ్, డైసీ. హౌ ఆర్ యూ?" అంది అక్క. అప్పుడు అక్క మొహం మీరు చూడాలి.

కుటుంబం పాఠం రోజున అక్క అడిగింది, "డూ యూ హావ్ ఎ సిస్టర్?"

"యెస్. వన్."

"ఈజ్ షీ గుడ్?"

చెల్లెలు కాసేపు ఆలోచించింది. "గుడ్ టైలర్. బ్యాడ్ మౌత్."

నేను తాగే టీ ముక్కులోకి పోయింది. అక్క కూడా పకపకా నవ్వింది. వీధిలో కాలు పెట్టాక మాత్రం మళ్ళీ మామూలే. "బాబాయ్, ఎదురు కొట్టావిడకి చెప్పు..."

ఏడాది గడిచింది. గడువు అయిపోయి ఆ దంపతులు వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నారన్నారు. ఆ రోజు అక్క నా కొట్టుకొచ్చి దారం అడగకుండా నిలబడింది.

"క్లాసు మూసేస్తే అది మళ్ళీ నాతో మాట్లాడదు బాబాయ్," అని కళ్ళొత్తుకుంది.

"నువ్వే ముందు పలకరించు."

"నోరు తెరిస్తే నాకు తిట్టే వస్తుంది. ఇంగ్లీషులో తిట్లు రావు కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను."

నాకూ బాధేసింది.

ప్రతి క్లాసు చివరా, ఎవరికోసం ప్రార్థించమంటారని పొడుగు మాస్టారు అడిగేవారు. అక్క ఎప్పుడూ తన మోకాళ్ళ పేరే చెప్పేది. ఆఖరి రోజు, "మై సిస్టర్," అంది.

ఒంట్లో బాగాలేదా అని టీచరమ్మ కంగారుపడింది.

"నో, నో. షీ ఈజ్ ఫైన్, థాంక్యూ. ఐ మిస్ హర్."

దంపతులిద్దరూ కళ్ళు మూసుకుని, ఎక్కడో దూరాన ఉన్న ఆ చెల్లెల్ని క్షేమంగా ఇంటికి చేర్చమని దేవుణ్ణి వేడుకున్నారు. ఆ చెల్లెలేమో పక్క కుర్చీలో తల దించుకుని కూర్చుంది. వెళ్ళేముందు టీచరమ్మ వాళ్ళిద్దర్నీ దగ్గరికి తీసుకుని, తనకొచ్చిన నాలుగు తెలుగు మాటల్లోంచి ఏరుకుని, "మీరు ఇద్దరు... సొంత అక్కాచెల్లెళ్ళ లాగా ఉన్నారు," అంది. మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక, మామూలుగా క్లాసుండే సాయంత్రం వచ్చింది. ఆ వేళకి చెల్లెలు కొట్టు దిగి, వీధి దాటి, అక్క గుమ్మం ముందు నిలబడింది.

"గుడ్ ఈవినింగ్, రోజ్."

"గుడ్ ఈవినింగ్. హౌ ఆర్ యూ?"

"ఫైన్, థాంక్యూ."

ఎండ ఎక్కువగా ఉందనుకున్నారు. టైమెంతైందో చెప్పుకున్నారు. బస్టాండుకి దారి కూడా అడిగి తెలుసుకున్నారు. అక్కడితో వచ్చిన ఇంగ్లీషంతా అయిపోయింది. ఇద్దరూ దిక్కులు చూస్తున్నారు. నేను నా కొట్లోంచి మెడ సాచి చూస్తున్నాను.

"ఆకలేస్తోందక్కా," అంది చెల్లెలు.

అక్క మిషను మీంచి లేచింది. "ఇన్నేళ్ళకా నీకు ఆకలేసింది, మొద్దుమొహమా! రా లోపలికి!" అని రెక్క పుచ్చుకుని లాక్కెళ్ళింది. నేను తలుపు సగం మూసుకుని కాసేపు ఏడ్చాను, సిగ్గెందుకు!

మర్నాడు పొద్దున్నే చెల్లెలి కొట్టు ముందు నిచ్చెన వేసి ఉంది. పెయింటరు పాత పేరు చెరిపేసి 'డైసీ టైలర్స్' అని రాస్తున్నాడు.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"మాటంటే మాటే బాబాయ్. మాట్లాడాను, పేరు మార్చుకున్నాను."

"ఆ అక్షరాలేంటే అంత వంకరగా ఉన్నాయి!" అని ఎదురు కొట్లోంచి అక్క అరిచింది. నాకు చెప్పి పంపలేదు, నేరుగా చెల్లెలితోనే అంది.