మా అమ్మ కనని తమ్ముడు

దహబో నోరు మంచిదని ఊళ్ళో ఎవరూ అనరు. పద్యం మంచిదని మాత్రం ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. అమెరికాలో, మినసోటాలోని ఈ చలి ఊళ్ళో పెళ్ళయినా, పండగైనా, మన సోమాలీ ఆడవాళ్ళు డప్పు చుట్టూ చేరగానే ముందు వెతికేది ఆవిడనే. పగలంతా టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోస్తుంది, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడి పద్యం కడుతుంది. ఒక అక్షరం ఎత్తుకుంటే ప్రతి పాదమూ దానితోనే మొదలవ్వాలి. అది తప్పిందా, మనవాళ్ళు మొహం మీదే నవ్వుతారు.

అలాంటి మనిషి పోయిన ఎన్నికల్లో, దేశ చట్టసభకి నిలబడ్డ రోల్ఫ్ సాండ్‌వెన్ మీద పద్యం కట్టింది. అతను మసీదు పక్క హాలుకి ఓట్లడగడానికి వచ్చాడు. సమోసాలు తిన్నాడు, యాలకుల టీ రెండోసారి అడిగి మరీ తాగాడు. "మీ ఇంట్లోకి రావాలంటే పోలీసుకి జడ్జి కాగితం ఉండాలి కదా! మీ ఫోను కూడా మీ ఇల్లే. కాగితం లేకుండా దాంట్లో ఎవర్నీ చెవి పెట్టనివ్వను" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. తల్లి ఒక దేశంలో, బిడ్డ ఇంకో దేశంలో ఉన్న జనం మనం. సగం కాపురం ఫోన్లోనే కదా. ఆ మాటకి దహబో మురిసిపోయింది.

"మాటకు కట్టుబడ్డ మొనగాడు,
మా ముంగిటికి ముళ్ళకంచె,
మా అమ్మ కనకపోయినా మా తమ్ముడు."

పద్యం ఫోన్ల మీద ఊరూరా తిరిగింది. ఓటంటే ఏమిటో తెలియని ముసలమ్మలు కూడా "దహబో తమ్ముడికే" అంటూ వరసల్లో నిలబడ్డారు. సాండ్‌వెన్ బొటాబొటిగా గెలిచాడు. ఆవిడ పద్యమే గెలిపించిందని అందరూ అన్నారు. ఆవిడ కాదనలేదు.

ఈ వసంతంలో ఆ ఫోన్లు వినే చట్టమే సభలో మళ్ళీ ఓటుకొచ్చింది. విదేశాల్లో ఉన్నవాళ్ళతో మనం మాట్లాడే మాటల్ని జడ్జి కాగితం లేకుండా సర్కారు వినొచ్చు, దాచుకోవచ్చు, కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు. సాండ్‌వెన్ అవునని ఓటేశాడు. ఎందుకయ్యా అని విలేకరులు అడిగితే, "నాకు తెలిసిన సంగతులు మీకు తెలియవు" అన్నాడట.

టీ కొట్టు ఆ రోజు అట్టుడికిపోయింది. సోమాలియాలో ఆ నియంత సియాద్ బర్రె కాలంలో గోడలకే చెవులుండేవి, ఇక్కడ జేబులకి కూడా వచ్చాయని ఒకరు, వచ్చేసారి వాడికి ఓటేస్తే చెయ్యి విరగ్గొట్టుకుంటానని ఒకరు. దహబో తలుపు తోసుకుని రాగానే అందరూ నోళ్ళు మూశారు. మూయనిది ముసలి వర్సమె ఒక్కడే.

"ఏం దహబో, మీ తమ్ముడు కులాసానా?"

"నీకేం పనన్నా?"

"పనేముంది! కూతురితో మాట్లాడుకుంటుంటే మధ్యలో ఎవరో దగ్గినట్టయింది. మీవాడేనేమో, మందు వేసుకోమని చెప్పు."

కొట్టంతా గొల్లుమంది. ఊళ్ళో ఎవరికైనా ఒకటికి రెండు అంటించే మనిషి, టీ తాగకుండానే వెనక్కి తిరిగింది. బయట బస్సుకోసం నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొడుతూ ఆ పద్యమే పాడుతున్నారు. వాళ్ళకి అది ఉత్త ఆటపాట. దహబో మాత్రం చెవుల మీదికి ముసుగు లాక్కుని వాళ్ళని దాటిపోయింది.

ఇవన్నీ ఓర్చుకునేదేమో గానీ, నైరోబీలో ఉన్న అక్క కల్తూన్ సంగతే ఆవిడకి మింగుడు పడలేదు. శరణార్థుల గుడారంలో ఒకే దుప్పటి కప్పుకుని పెరిగినవాళ్ళు. శుక్రవారం వచ్చిందంటే కల్తూన్ ఫోన్లో అల్లుణ్ణి తిట్టేది, ఇంటి యజమానిని తిట్టేది, చివరికి పద్యానికి పద్యం బదులిచ్చి కానీ ఫోన్ పెట్టేసేది కాదు. ఆ ఓటు కబురు తెలిశాక అక్క మారిపోయింది.

"మోకాలెలా ఉందక్కా?"

"బాగే. అందరం బాగే. అల్‌హమ్‌దులిల్లా, దేవుడి దయ."

"వాపు తగ్గిందా?"

"ఫోన్లో అవన్నీ ఎందుకులేవే."

మోకాలి నొప్పి కూడా దాచుకుంటోంది అక్క. తన నోటితో పొగిడి గెలిపించినవాడు తన అక్క నోరే కట్టేశాడని దహబో కుమిలిపోయింది.

అలాంటి సమయంలో సగల్ వచ్చింది. దూరపు చుట్టాలమ్మాయి, సాండ్‌వెన్ ఆఫీసులో పని చేస్తుంది.

"అత్తా, బక్రీదు రోజు పార్కుకి సారు వస్తున్నారు. మళ్ళీ ఎన్నికలు కదా. పాత పద్యమే ఒక్కసారి..."

"సిగ్గుందా నీకు?"

"ఆసుపత్రికి బస్సు వేయించింది ఆయనే కదత్తా. ఒక్క ఓటుకే ఇంత కోపమా?"

"కడివెడు పాలల్లో ఎన్ని విషపు చుక్కలు పడితే తాగడం మానేస్తావే నువ్వు?"

సగల్ లేచి గుమ్మం దాకా వెళ్ళింది. దహబో వెనకనించి పిలిచి, "వస్తానని చెప్పు" అంది. పలికిన పద్యాన్ని వెనక్కి తీసుకునే దారి మనలో లేదు. పలికిన నోరే, అదే అక్షరం మీద బదులు కట్టాలి.

పండగనాడు పార్కులో డప్పు మోగింది. ఆడవాళ్ళు వలయం కట్టారు. సాండ్‌వెన్ చొక్కా చేతులు మడుచుకుని, నవ్వుతూ ముందు నిలబడ్డాడు. దహబో మధ్యలోకొచ్చి పాత పాదాలే ఎత్తుకుంది. అందరూ గొంతు కలిపారు. అంతలో ఆవిడ చెయ్యెత్తి డప్పుని ఆపింది.

"ముళ్ళకంచె అన్నాను, మేకలు మేసేశాయి.
మొనగాడన్నాను, మాట మింగేశాడు.
మా అమ్మా మన్నించు, మచ్చని తమ్ముడన్నాను.
మోసం వాడిదే, మెచ్చిన నోరు నాది,
మీ ముందు మొదటి సిగ్గు నాదే."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వర్సమె కూడా నేలచూపులు చూశాడు. భాష రాని సాండ్‌వెన్ సగల్ వైపు వంగి, "ఏమంటున్నారావిడ?" అనడిగాడు.

"మీరిచ్చిన మాట గుర్తుచేస్తోంది సార్" అంది సగల్, గొంతు తగ్గించి.

అతను పొంగిపోయి మళ్ళీ గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆ చెయ్యి చూడలేక దహబో మొహం తిప్పుకుంది.

కొత్త పద్యం కూడా ఫోనెక్కి నైరోబీ దాకా పోయింది. శుక్రవారం కల్తూనే ముందు ఫోన్ చేసింది. ఎన్నాళ్ళకో మళ్ళీ పాత గొంతు.

"విన్నానే! నా చెల్లెలివనిపించావు. నువ్వంతమందిలో నిలబడి అన్నావు, ఇంట్లో కూర్చుని నాకెందుకే భయం? వింటే విననీ, వాళ్ళ చెవులే మండుతాయి. మోకాలు చచ్చేలా పోటు పెడుతోంది, అది చెప్పనా? ఇంకోటి విను. మొన్న తెల్లారగట్ల పోలీసులొచ్చి అల్లుణ్ణి..."

"అక్కా!" అంది దహబో. తనకి తెలియకుండానే గొంతు తగ్గిపోయింది. "అక్కడ వానలు పడుతున్నాయా?"

అవతల అక్క గొంతు మళ్ళీ ఆ "అందరం బాగే" గొంతయిపోయింది.

"ఆఁ" అంది కల్తూన్. "పడుతున్నాయిలే."

టీ కొట్టులో అందరూ నవ్వినప్పుడు కూడా దహబోకి అంత సిగ్గు వెయ్యలేదు.