రెండో తొవ్వ

ఏ ఇంటికి వెళ్లినా, ఏ పెళ్లి హాలుకు వెళ్లినా మా మేనమామ కూర్చునే ముందు ఒకటే అడిగేవాడు: “రెండో తొవ్వ ఏడుంది?” జవాబు దొరికేదాకా కుర్చీ ముట్టుకునేవాడు కాదు. మాకు నవ్వొచ్చేది. అమ్మ మాత్రం నవ్వేది కాదు.

మామ భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. ఒకసారి లోపల పైకప్పు కూలి, దిగిన దారి మూసుకుపోయింది. మామ రెండో దారిన బయటపడ్డాడు. ఆయన వెనకే రావలసిన మా నాయిన రాలేదు. ఆ సంగతి మామ ఎన్నడూ ఎత్తలేదు.

మామ చనిపోవడానికి ఏడాది ముందు జనగామలో మా ఇంటికొచ్చాడు. అప్పుడే మా పాప బడి కోసం అంగారకుడి మీద ఊరు కట్టింది. థర్మాకోల్ గుమ్మటం, లోపల కూరగాయల మడి, నీళ్ల ట్యాంకు, మట్టిమనుషులు.

“భూమి నుంచి వీళ్లకేం రానక్కర్లే తాతా. గాలి గూడ వీళ్లే చేసుకుంటరు.”

మామ వంగి చూశాడు. “రెండో తొవ్వ ఏది బిడ్డా?”

“ఉన్నా ఎటు పోతరు? బయట గాలే ఉండదు గద.”

మామ గుమ్మటం ఎత్తి పక్కన పెట్టాడు. మట్టిమనుషులను ఒక్కొక్కరినే తీసి బల్ల మీద పడుకోబెట్టాడు. అంతా అయ్యాక కూడా ఆయన వేళ్లు ఆ ఖాళీ ఊళ్లో తడుముతూనే ఉన్నాయి.

“అందరొచ్చిండ్రు తాతా,” అంది పాప భయంగా.

“లేదు బిడ్డా,” అన్నాడు. “మా బావ రాలె.”