సాక్ష్యం తర్వాత వేసుకున్న మాత్ర

మా ఆవిడ ఒంట్లో ఏం జరుగుతోందో ఆవిడని అడగకుండానే మైకులో చెప్పిన తెలివైనవాణ్ణి నేను. హావ్‌డా పక్కన లిలువాలోని మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన ముగిశాక దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, "నా భార్యకి కీళ్ళవాతం పూర్తిగా పోయింది" అని ప్రకటించాను. అందరూ "ఆమెన్" అన్నారు. ఆడవాళ్ళ వైపు బల్ల మీద ఐదో నెల కడుపుతో కూర్చున్న మా ఆవిడ మాత్రం అనలేదు. ఆవిడకీ ఆ వార్త అప్పుడే తెలిసింది మరి.

మాది మూడు తరాలుగా రైల్వే వర్క్‌షాపు కుటుంబం. తాతగారు ఇనుము సాగగొట్టారు, నాన్న ఇనుముకి రంగు వేశారు, నేను అదే వర్క్‌షాపు ఆఫీసులో కూర్చుని ఇనుము గురించి కాగితాలు రాస్తాను. తరం తరానికీ పని మెత్తబడుతూ వచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన మా ఆవిడకి మాత్రం పెళ్ళయిన రెండో ఏడే కీళ్ళు ఇనుమైపోయాయి. ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళే దారి తప్పి సొంత కీళ్ళ మీద పడే జబ్బట. పొద్దున్నే వేళ్ళు ముడుచుకునేవి కావు. జాకెట్టు హుక్కులు నేనే పెట్టేవాణ్ణి, జడ నేనే వేసేవాణ్ణి. ఆ జడ చూసి పక్కింటి బెంగాలీ బౌది, అంటే వదిన, "ఎవరు పేనారమ్మా ఈ తాడు?" అని అడిగేది. మా ఇంటి వాతావరణంలో వాతమే ఎక్కువ.

పిల్లలు కావాలనుకున్నప్పుడు, కలకత్తా సాల్ట్ లేక్‌లో మేం చూపించుకునే డాక్టరమ్మ కడుపులో బిడ్డకి హాని చేసే మందొకటి ముందుగానే మాన్పించింది. కొన్ని నెలలు ఆగమంది. గర్భిణులు కూడా వేసుకోదగ్గ మాత్రలు మాత్రం మానొద్దని గట్టిగా చెప్పింది. అలా భయపడుతూనే ఆ మెట్టు ఎక్కాం. నెల తప్పిన రోజు మా ఆవిడ సంతోషించలేదు, ఏడవలేదు. వేళ్ళు చూసుకుంటూ, "ఈ సేతుల్తో ఎత్తుకోగల్నేటండీ?" అంది.

తర్వాత ఒక ఉదయం నేను గడ్డం గీసుకుంటుంటే పెరట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది. బకెట్లోకి ఒక్కసారిగా ధారగా పడి, ఆగి, చుక్కలుగా రాలిన చప్పుడు. దుప్పటి పిండితే వచ్చే చప్పుడది. ఏళ్ళ తరబడి మా ఇంట్లో ఆ చప్పుడు నా చేతుల్దే. సగం గడ్డంతో పరుగెత్తాను. ఆవిడ తడి దుప్పటి మెలిపెడుతోంది. మెలిపెట్టి, విప్పి, నన్ను చూసి, మళ్ళీ మెలిపెట్టింది. దుప్పట్లో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి, ఆవిడ మాత్రం ఆపలేదు. ఆ వారం జడ తనే వేసుకుంది. ఆవకాయ జాడీ మూత తనే తీసింది. ఇక ఆదివారం నేను లేవకుండా ఎలా ఉంటాను?

చర్చి గుమ్మంలోనే దొడ్డమ్మ పట్టుకుంది. దొడ్డమ్మంటే మా పెదనాన్న భార్య. బుధవారం బుధవారం ఇళ్ళల్లో జరిగే ఆడవాళ్ళ ప్రార్థన కూడికకి పెద్ద దిక్కు.

"ఒరే, సాక్ష్యం సెప్పీసినావు, బాగుంది. ఇంక ఆ గుంట మాత్ర ముట్టకూడదు. ముట్టిందంటే దేవుడికిచ్చిన రసీదు సింపీసినట్టే."

మాలో అదొక పద్ధతి. బాగైందని నలుగురిలో చెప్పాక మళ్ళీ మందు మింగితే, చెప్పిన మాట వెనక్కి తీసుకున్నట్టు లెక్క. మాట ఇచ్చింది నేను, మాత్ర మానాల్సింది ఆవిడ.

మా ఆవిడ ఇంటికొచ్చి తలుపేశాక అడిగింది:

"ఏటండీ, నా కీళ్ళు మీ పేరు మీద రాసిచ్చినానా?"

"పోయిందిగా మరి..."

"పోయిందో, పక్క వీధికెళ్ళి వస్తాదో మీకేటి తెలుసు? రేపు మళ్ళీ వస్తే ఎవరు లేచి సెప్తారు?"

అక్కడితో నోరు మూసుకోవచ్చు. నేను నసిగాను: "పోనీ, కొన్నాళ్ళు మాత్రలు ఆపి చూస్తే..."

ఆవిడ అంది: "ఈ ముక్క డాక్టరమ్మ ముందర అనండి. నాను పక్కన కూకుని సూస్తాను."

అన్నాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. బెంగాలీలో ఆవిడ చెప్పింది ఇది: "దాదా, ఆ బిడ్డలో సగం మీరు. అంటే ఈమె ఒంటికి సగం పరాయి. ఆ పరాయి మనిషిని తరిమెయ్యకుండా ఉండాలని ఒళ్ళు తన కాపలాని మార్చుకుంటుంది. ఆ మార్పులో కీళ్ళ మీద దాడి కూడా తగ్గుతుంది. అందరికీ కాదు, చాలామందికి. పురుడయ్యాక మళ్ళీ రావచ్చు. మాత్రలు ఆపొద్దు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది: "ఎలా తగ్గుతుందో మాకే ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. ఇన్నేళ్ళయినా చూసిన ప్రతిసారీ ఆశ్చర్యమే."

తిరుగు బస్సులో మా ఆవిడ నా భుజం మీద నిద్రపోయింది. హావ్‌డా బ్రిడ్జి మీద బస్సు ఆగిపోయింది, కిందెక్కడో లాంచీ కూతేసింది. నేను ఆవిడ కడుపునే చూస్తూ కూర్చున్నాను. సగం పరాయి అన్నందుకు నేను నొచ్చుకోవాలి నిజానికి. కానీ తనని తానే పరాయి అనుకుని కొట్టుకున్న ఒళ్ళు, నిజంగా పరాయి మనిషి వచ్చేసరికి చోటిచ్చింది. ఇంకా ఊపిరైనా పీల్చని ఆ మనిషి లోపలే కూర్చుని వాళ్ళమ్మ చేతికి దుప్పటి అందించింది. చర్చిలో నేను చెప్పింది ఎంత చిన్న అద్భుతం! అసలుది చెప్పడానికి నాకు మాటలూ లేవు, మైకూ లేదు. ఆ బస్సులో టోపీ పెట్టుకున్నవాడెవరైనా ఉంటే ఆ కడుపు ముందు తియ్యమనేవాణ్ణి.

"ఆదివారం లేచి అసలు సంగతి చెప్పేస్తాను," అన్నాను ఆవిడ లేవగానే.

"వద్దండీ బాబూ. మీరు లేస్తే నాకు బయమేస్తాది."

ఆ బుధవారం కూడిక మా ఇంట్లోనే. వచ్చినవాళ్ళు తెచ్చిన పళ్ళు అలమరలో పెడుతూ, మాత్రలున్నాయేమోనని ఓ చూపు పడేశారు. సాయంత్రం టీ తర్వాత మా ఆవిడ మాత్ర వేళ. సరిగ్గా అప్పుడే దొడ్డమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. దొడ్డమ్మ ప్రార్థన ప్యాసింజరు బండి, ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నాకు మనసాగక ఒక కన్ను తెరిచాను. మా ఆవిడ గుప్పిట్లోంచి మాత్ర నోట్లో వేసుకుని, చల్లారిన టీతో మింగింది. నిట్టూర్చి, చూపు అటు తిప్పాను కదా, దొడ్డమ్మ! నోరు టికియాపారా పేట రోగుల కోసం ప్రార్థిస్తోంది, వేళ్ళు కొంగు ముడి విప్పుతున్నాయి. "ప్రభువా..." అని ఆగింది, మాత్ర వేసుకుంది, "...కనికరించు" అంది. ఎప్పుడో నాన్న రోజుల్లో, తన సుగరు పోయిందని అదే చర్చిలో సాక్ష్యం చెప్పిన మనిషి. ఇన్నేళ్ళూ నేను ఆ విరామాన్ని భక్తి అనుకున్నాను.

అందరూ వెళ్ళాక మా ఆవిడకి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

"నాను ఎప్పుడో సూసినాను. ఆవిడా నన్ను సూసింది. అందుకే ఇయ్యాల ప్రార్థన ఇంకాస్త సాగదీసింది, నాకు మింగడానికి టైముండాలని."

అంటే తెలియనిది నాకొక్కడికే. అయినా ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి గుమ్మంలో, పదిమంది వినేలా, "ఏటిరా, మాత్రలు మానిందా, నీ ఇస్వాసం ఏమైనాదిరా?" అని దొడ్డమ్మ నన్నే నిలదీసేది. నేను బిక్కమొహం వేసేవాణ్ణి, వెనక మా ఆవిడ చక్కగా కొంగు సర్దుకునేది.

పాప క్షేమంగా పుట్టింది. నర్సు చేతిలో పెడితే, ఎర్రగా, ముడతలు పడి, నా మీద ఏదో ఫిర్యాదు ఉన్నట్టు చూసింది. ఇంత చిన్న మనిషి అంత పెద్ద పని చేసిందా అని నేను నిలబడిపోయాను. దండం పెట్టాలో ముద్దు పెట్టాలో తెలియలేదు.

పాప మొదటిసారి నవ్విన వారమే వాపు తిరిగొచ్చింది. డాక్టరమ్మ మందులు మార్చి, పాలిచ్చే తల్లికి పనికొచ్చేవి రాసింది. పనిచెయ్యడానికి కొంతకాలం పడుతుందంది. అంతదాకా మా ఆవిడ పాపని వేళ్ళతో కాక రెండు ముంజేతుల మీదికి జార్చుకుని ఎత్తుకునేది. గౌను గుండీలు మళ్ళీ నా పనే. నేను ముఖం వేలాడేస్తే అంది:

"లోపలున్నన్నాళ్ళూ అద్దె కట్టిందండీ. ఇల్లు కాళీ సేసీసింది, అద్దె ఆగిపోయింది. దానికేటి ఏడుపు? ఎత్తుకున్నానా లేదా?"

ఎత్తుకుంది. కానీ పాప కోసం పెట్టిన కృతజ్ఞతా కూడికకి అందరూ వస్తున్నారు. ఆ వేళ్ళు దాచలేం. వాపు చూసి, విశ్వాసం లేక మళ్ళీ తెచ్చుకుందని ఎవరైనా అంటారేమో అని ఆవిడ రోజంతా కొంగు కింద చేతులు పెట్టుకుని తిరిగింది. నా నోరు తినాల్సిన తిట్లు ఆవిడ వేళ్ళు తింటున్నాయి.

సాయంత్రం గది నిండిపోయింది. టీలు అయ్యాయి. దొడ్డమ్మ పాపని ఒళ్ళో పెట్టుకుని, "తండ్రి ప్రార్థన సెయ్యాల," అంది. లేచాను. మా ఆవిడ ముఖంలో పాత భయం కనిపించింది.

"ఈ పాప కడుపులో ఉండి వాళ్ళమ్మ నొప్పి ఆపింది," అన్నాను. "పుట్టాక నొప్పి మళ్ళీ వచ్చింది. పోయిందని నేను తొందరపడి చెప్పాను, ఆవిడ చెప్పలేదు. మాత్రలు ఆవిడ ఒక్క రోజూ మానలేదు. మానకపోబట్టే ఇద్దరూ ఇక్కడున్నారని నా నమ్మకం. ఇది మాత్ర వేళ. అందుకని ఇవాళ ప్రార్థన కళ్ళు తెరిచి చేద్దాం."

 మా ఆవిడ కొంగు కిందినుంచి చేతులు తీసి, అందరూ చూస్తుండగా మాత్ర వేసుకుంది. నేను ప్రార్థన మొదలుపెట్టాను. లిలువా, ఖరగ్‌పూర్, టికియాపారా, ఏ స్టేషనూ వదల్లేదు. దొడ్డమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వెళ్ళింది. ఇంత పెద్ద కళ్ళు చేసుకుని గది గదంతా చూస్తోంది.

"ఒరే, ఆమెన్ అనరా," అంది పళ్ళ బిగువున.

"ముందు నువ్వు కానీ, దొడ్డమ్మా."

నన్ను కొరికేసేలా చూసింది. తర్వాత ముడి విప్పింది. మా ఆవిడ రెండు అరచేతుల మధ్య గ్లాసు పట్టుకుని నీళ్ళు అందించింది. దొడ్డమ్మ మింగి, మూతి తుడుచుకుంది.

అప్పుడు ఆమెన్ అన్నాను.